దెబ్బ సరిగ్గానే పడింది

వస్తాదు మావ పోయాడు. మొన్న బుధవారం పొద్దున్న నేను టెక్కలిలో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మావ ఎల్లిపోనాడే" అని ఆగిపోయింది. ఏ మావ అని నేను అడగలేదు. మా ఊళ్ళో నాకు మావలు చాలామందే ఉన్నారు గాని, కొంతకాలంగా అమ్మ పొద్దున్నే ఫోన్ చేసిందంటే నా మనసు ముందు ఆ ఇంటికే పోయేది.

"ఎప్పుడమ్మా?"

"తెల్లారగట్ట. అత్త లేపితే లెగలేదట. సాయంత్రం దాకా ఉంచుతామన్నారు. బేగి వొచ్చీ."

కాశీబుగ్గ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నందిగాం దాటాక పక్కసీటు ఆవిడ "ఒంట్లో బాగులేదా తల్లీ?" అని అడిగితే, బాగానే ఉందని చెప్పాను. ఎవరు పోయారో చెప్పాలంటే ముందు ఆయనెవరో చెప్పాలి. అది బస్సులో అయ్యే పని కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది పూండి స్టేషన్ నుంచి జీడితోటలు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఉద్దానం పల్లె. కర్రసాము నేర్పే గురువును మా వైపు వస్తాదు అంటారు. ఆయన నేర్పే చోటు తాలింఖానా. మా ఊరి తాలింఖానా అంటే ఆయన కొబ్బరితోటలో కమ్మలు నేసిన ఒక పాక, దాని ముందు మెత్తటి ఇసక. ఆయన తండ్రి కూడా వస్తాదే. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ. నన్ను "కోడలా" అనేవాడు. పిల్లల్లేరు ఆ దంపతులకి.

మనిషి పొడుగూ కాదు, లావూ కాదు. నడుస్తుంటే ఇసకలో మడమ గుర్తు పడేది కాదు. వెదురు కర్రలను పొయ్యి సెగ మీద కాచి, వంకరలు తీసి, ఆముదం రాసి చూరుకింద దోపేవాడు. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు చేతిలో కర్ర ఉంటే దాన్ని నేల మీద పడుకోబెట్టి మాట్లాడేవాడు. కర్ర చూపిస్తూ మాట్లాడటం తప్పనేవాడు. అంతటి మనిషికీ బల్లులంటే భయం. గోడ మీద బల్లి కనబడితే వాకిట్లోంచే "ఒలే, దాన్ని తోలీయే" అని అత్తను కేకేసేవాడు. అత్త చీపురు తీసుకుని వెళ్తూ మా వైపు చూసి కన్నుగీటేది.

ఏటా అమ్మవారి సంబరంలో ఘటాల ముందు కర్ర తిప్పుతూ నడిచేది ఆయనే. ఆ ఒక్కరోజు కోసం ఆయన మిగతా ఏడాది బతికేవాడేమో అనిపించేది. డప్పు జోరందుకునే కొద్దీ కర్ర కనబడేది కాదు, గాలి చప్పుడు మాత్రం వినబడేది. పిల్లలం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం.

తొంభైల చివర్లో వచ్చిన తుపానుకి మా కొబ్బరిచెట్లు మధ్యకి విరిగిపోయాయి. తాలింఖానా పాక ఎటు కొట్టుకుపోయిందో తెలియలేదు. చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఏం తినాలి? కుర్రాళ్ళంతా సూరత్, చెన్నై, హైదరాబాద్ రైళ్ళెక్కారు. వాళ్ళతోపాటే ఆయన శిష్యులూ వెళ్ళిపోయారు. పొద్దున్నే విరిగిన మోడుల మధ్య ఆయన ఒక్కడూ కర్ర తిప్పుకునేవాడు. ఎదురు నిలబడే మనిషి లేక మోడునే ఎదుటివాడనుకునేవాడు.

మగవాళ్ళు వలస పోతే ఆడవాళ్ళు పలాస జీడి ఫ్యాక్టరీలకి పోయారు. పొద్దున్న పాసింజరుకి వెళ్ళి, సాయంత్రం పాసింజరుకి పూండిలో దిగి, జీడితోటల మధ్య నుంచి నడిచి రావాలి. నేనప్పుడు పలాసలో ఇంటర్ చదువుతూ వాళ్ళతోనే వెళ్ళి వచ్చేదాన్ని. మా ఎదురింటి అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. గింజ తొక్కలోని నూనెకి వేళ్ళు కాలి, నల్లబడి, తోలు ఊడిపోతుండేది. రైల్లో ఆ వేళ్ళను కిటికీలోంచి గాలికి పెట్టుకుని కూర్చునేది. ఊరంతటినీ అనుకరించి నవ్వించేది.

శీతాకాలంలో రైలు ఆలస్యమైతే దారిలోనే పొద్దుగూకేది. అప్పుడు తోటల్లోంచి ఈలలు మొదలయ్యాయి. తర్వాత వెంటపడటం. తర్వాత ఒకామె చీరకొంగు లాగారు. ఆమె మర్నాటి నుంచి పని మానేసింది. మిగిలినవాళ్ళం గుంపుగా, నోరెత్తకుండా, గబగబా నడిచేవాళ్ళం.

ఈ సంగతి విన్న అత్త మావతో అన్న మాట నేను చెవులారా విన్నాను. "ఇన్నేళ్ళబట్టి మగోళ్ళకి నేర్పినావు. ఆళ్ళనెవులు కొడతన్నారని? దెబ్బలు తినీవోళ్ళకి నేర్పు."

ఆడపిల్లలకి కర్ర ఇవ్వడం ఆయన తండ్రి చేయలేదు, తాత చేయలేదు. అయినా మావ "ఆదివారం తోటకి రమ్మను" అన్నాడు.

కర్ర తిప్పడం నేర్పుతాడని మేం ఆశపడి వెళ్ళాం. ఆయన ముందు పడటం నేర్పాడు. ఇసకలో ఎలా పడితే దెబ్బ తగలదో, పడిన మరుక్షణం ఎలా లేవాలో. తర్వాత కాళ్ళు. "కాలు కదల్నోడికి కర్ర బరువు" అనేవాడు. మా చేయి పట్టుకుని, బొటనవేలు ఉన్న వైపుకి తిప్పి లాగితే ఎంతటివాడి పట్టయినా జారుతుందని చూపించాడు. మూరెడు వెదురు ముక్కలు కోసి ఇచ్చి, టిఫిన్ సంచిలో పెట్టుకోమన్నాడు. "ఎదుటోడి సేతిని సూడకండి, భుజాన్ని సూడండి. సెయ్యి అబద్ధమాడతాది" అనేవాడు. తలమీద కొట్టడం మాత్రం నేర్పలేదు. మణికట్టు, మోకాలు, కాలి ముందరెముక, అంతే. "కొట్టినాక నిలబడి సూసినోడు ఎర్రోడు. పరిగెట్టీయండి."

అన్నిటికంటే మాకు కష్టమైంది కేక వేయడం. కొట్టమంటే కొట్టాం గాని, అరవమంటే గొంతు లేవలేదు. పుట్టినప్పటి నుంచి గొంతు దించమనే విన్నాం కదా. ఒకరి ముఖం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వేవాళ్ళం. మావ నవ్వలేదు. "నవ్వండి, నవ్వీసినాక అరవండి" అని ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి ఎదురింటి అక్క అరిచింది. పక్కతోటలో కల్లు గీస్తున్నాయన ఏదో ప్రమాదం జరిగిందని చెట్టు దిగి పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు మావ కూడా నవ్వాడు.

ఒకసారి నా మోచేతికి గట్టి దెబ్బ తగిలి చేత్తో పట్టుకున్నాను. "నొప్పెట్టిన కాడ సెయ్యెయ్యకు కోడలా. ఎదుటోడికి దారి సూపించినట్టు" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళతో చేయి దించేశాను. క్లాసయ్యాక అత్త వేడి నూనె రాస్తుంటే వచ్చి, పక్కన కూర్చుని, తనే మెల్లగా మర్దనా చేశాడు.

ఆ చలికాలమే జరిగింది. ఎదురింటి అక్క స్టేషన్‌లో చెప్పు తెగి, గుంపుకి వెనకబడింది. మేం ముందు మలుపు తిరిగాం. వెనక నుంచి కేక వినబడింది. తోటలో విన్న కేకే అది. మేమంతా వెనక్కి పరుగెత్తేసరికి ఆమె ఎదురొస్తోంది, ఒక కాలికి చెప్పు లేదు, జాకెట్టు భుజం దగ్గర చిరిగింది, చేతిలో వెదురు ముక్క ఉంది. వెనక జీడిచెట్ల కింద ఒకడు చేయి పట్టుకుని మూలుగుతున్నాడు. ఊరి పెద్ద మేనల్లుడు.

మర్నాడు బడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. మణికట్టు విరిగినవాడు కట్టుతో వచ్చి, తను దారిన పోతుంటే ఆమే కొట్టిందన్నాడు. ఆ చిరిగిన జాకెట్టు గురించి ఎవరూ అడగలేదు. అక్క తండ్రి అందరికీ చేతులు జోడిస్తున్నాడు. ఊరి పెద్ద మావ వైపు తిరిగాడు.

"వస్తాదూ, ఆడగుంటలకి కర్ర నేర్పడమేటి? రేపు మొగుళ్ళని కొడతారు."

కొందరు నవ్వారు. మావ లేచి నిలబడ్డాడు. కర్ర తీసుకురాలేదు ఆ రోజు.

"బాబూ, నాను ఈడి సెయ్యి సూసినాను. మణికట్టు మీద పడింది. మోకాలు మీద పడింది. తలమీద ఎయ్యలేదు. దెబ్బ సరిగ్గానే పడింది. నాను అలగే నేర్పినాను."

"అయితే తప్పు నీదంటావు?"

"తప్పేటి ఇందులో?"

"ఆ గుంటా నువ్వూ తప్పైపోయిందని సెప్పి, ఈ నేర్పుడు మానీయండి. లేదంటే సంబరంలో నువ్వు ముందు నడవక్కర్లేదు."

ఆ మాటకి వరండాలో ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. మావ తల దించుకున్నాడు. ఒప్పుకుంటాడనుకున్నాం. ఒప్పుకున్నా ఆయన్ని తప్పు పట్టేవాళ్ళు ఉండేవారు కాదు.

"ఆ గుంట సెప్పక్కర్లేదు. నానూ సెప్పను" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన అంత పట్టుదలగా నిలబడ్డాడు గదా, తర్వాతైనా ఏదో మంచి జరిగిందని చెప్పాలని నాకూ ఉంది. జరగలేదు. అక్కను ఆ వారంలోనే వాళ్ళ నాన్న చెన్నై వైపు రొయ్యల ఫ్యాక్టరీకి పోయే జట్టుతో పంపేశాడు. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఆదివారం తోటకి పంపడం మానేశారు. నన్నూ మానిపించమని చెప్పడానికి పెద్దలు మా ఇంటికీ వచ్చారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "నా కూతురు రోజూ ఆ దారినే వొత్తాది. మీరెవులైనా టేసన్ కాడ నిలబడి తోడుకొత్తారేటి? తెత్తామంటే సెప్పండి, రేపే మానిపించీత్తాను" అంది. ఎవరూ తెస్తామనలేదు. ఆ విధంగా నేనొక్కదాన్నే మిగిలాను.

సంబరం వచ్చింది. ఘటాల ముందు ఎవరో నలుగురు కుర్రాళ్ళు గంతులు వేస్తూ నడిచారు. మావ ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత అత్త చెప్పింది: "డప్పు ఇనబడతంటే మంచం మీద కూకున్నారు. పైకి ఏటీ లేదు. కాళ్ళు మాత్రం కింద కదుల్తన్నాయి." ఆ తర్వాతి ఏడూ పిలవలేదు, ఆ పై ఏడూ పిలవలేదు. పిలుస్తారేమోనని ప్రతిసారీ కొత్త కర్ర కాచి ఆముదం రాసేవాడు.

నేను డిగ్రీకి టెక్కలి వెళ్ళాను. అక్కడే బళ్ళో తెలుగు టీచర్‌గా చేరాను. మా బడిలో ఒక ఏడాది ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పుదామన్నారు. నేను నేర్పుతానన్నాను. కొద్దిరోజులు జరిగాక పరీక్షలొస్తున్నాయని ఆపేశారు, మళ్ళీ మొదలుపెట్టలేదు. ఊరికి వెళ్ళినప్పుడు మావకి చెప్పాను.

"కేకెయ్యడం నేర్పినావా?"

"మొదలుపెట్టాను మావా. పక్క క్లాసులకి ఇబ్బందిగా ఉందని వద్దన్నారు."

"అయితే ఏటీ నేర్పనట్టే" అన్నాడు. కోపంగా కాదు.

ఆ రోజే గమనించాను, ఆయన పాదాలు వాచి ఉన్నాయి. మా ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే ఇంకెవరూ ఏమీ అడగరు. ప్రతి వీధిలోనూ ఆ వాపు చూసినవాళ్ళమే. నీళ్ళ వల్లనన్నారు, నేల వల్లనన్నారు, ఎండ వల్లనన్నారు. ఎందువల్లయితేనేం, మనుషులు పోతూనే ఉన్నారు. పలాసలో పరీక్ష చేసి కిడ్నీలన్నారు. కొన్నాళ్ళకి డయాలసిస్ అన్నారు. తెల్లవారుజామునే లేచి, అత్త భుజం పట్టుకుని విశాఖ రైలెక్కేవాడు. తిరిగొచ్చి రెండ్రోజులు మాట లేకుండా పడి ఉండేవాడు. నడుములో పోటు వచ్చేది. ఒక్కసారి కూడా నడుం మీద చేయి వేయలేదు. మంచం పట్టె పట్టుకునేవాడు.

నీళ్ళు తాగకూడదన్నారు. రోజుకి ఇంతేనని అత్త చిన్న గ్లాసుతో పోసేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని పెదాలు తడుపుకుంటున్నాడు. అత్త నాకు చెంబుతో నీళ్ళిచ్చింది. లోపలికి వెళ్ళి తాగుదామని లేచాను.

"ఇక్కడే తాగు కోడలా. నా ఎదర తాగు. సూత్తాను."

తాగాను. ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు. చెంబు ఖాళీ అయ్యాక, తనే తాగినట్టు ఊపిరి వదిలాడు.

వెళ్ళినప్పుడల్లా అడిగేవాడు, "ఆ గుంట జాడేటైనా తెలిసిందా?" అని. తెలియలేదనే చెప్పేదాన్ని, వాళ్ళింట్లో అడిగినా చెప్పేవాళ్ళు కాదు. పోయిన ఏడు పలాస స్టేషన్‌లో కనబడింది ఎదురింటి అక్క. వాళ్ళమ్మ చనిపోతే వచ్చి, తిరిగి చెన్నై బండికి నిలబడింది. గుర్తుపట్టలేకపోయాను. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు తెల్లగా నానిపోయి ఉన్నాయి. నవ్వించడానికి ఏమీ చెప్పలేదు. మావ నిన్ను తలుచుకుంటున్నాడన్నాను.

"నేర్సుకోకపోయినా బాగుండునే. ఆ రోజు ఆడు ఏటి సేసినా నోరు మూసుకునుంటే, ఊళ్ళోనే ఉందును. అమ్మని ఆఖరి సూపైనా సూద్దును" అంది. బండి వచ్చింది. ఎక్కే ముందు తిరిగి చూసింది గాని, "ఇది మావకి సెప్పకు" అనీ అనలేదు, "సెప్పు" అనీ అనలేదు.

ఆ వారం మావ అడిగాడు. ఆయనతో అబద్ధం ఆడటం నా వల్ల కాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చూరు వైపు చూశాడు. కర్రలింకా అక్కడే దోపి ఉన్నాయి.

"దాని మీద పడ్డోడు ఊళ్ళోనే ఉన్నాడు. అది లేదు. నాను నేర్పింది సగమే కోడలా. మనిసి మీద పడితే ఏటి సెయ్యాలో నేర్పినాను. ఊరు మీద పడితే ఏటి సెయ్యాలో నాకే తెలీదు."

"మీరు తప్పు చెయ్యలేదు మావా."

"సెయ్యలేదు. అయితే ఏటైంది?"

ఆ తర్వాత ఆయన ఆమె గురించి అడగలేదు. చూరులోని కర్రలు తీసి పొయ్యిలోకి వాడుకోమని అత్తకి చెప్పాడట. అత్త వాడలేదు, దాచిందీ లేదు. అలా వదిలేసింది. చెద పట్టాయి.

బుధవారం నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. తలవైపు దీపం. ఒంట్లో నీరంతా పోయినట్టు అంత చిన్నగా ఉన్నాడు. పాదాలు మాత్రం ఆఖరిదాకా వాచే ఉన్నాయి. వాటిని ముట్టుకుని దండం పెట్టాను. అత్త ఏడవడం లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

ఊరంతా వచ్చింది. ఊరి పెద్ద కూడా వచ్చాడు, ముసలివాడైపోయాడు, చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. డప్పులు తెప్పించింది ఆయనే. పాడె కట్టడం అయ్యాక అటూ ఇటూ చూసి అన్నాడు.

"వస్తాదుని ఊరికినే అంపీకూడదు. ముందు కర్ర తిప్పుతా తీసికెల్లాల. తిప్పీవోళ్ళెవులున్నార్రా?"

మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నేర్చినవాళ్ళంతా ఊళ్ళు పట్టిపోయారు, ఇద్దరు ముగ్గురు ఇదే జబ్బుతో పోయారు. ఎవరూ ముందుకు రాలేదు. ఊరి పెద్ద మళ్ళీ అడిగాడు. ఆడవాళ్ళ గుంపులో నా కాళ్ళు కదిలాయి. లేవబోయాను. అత్త నా చేయి పట్టుకుంది. ఆ పట్టు విడిపించుకోవడం నాకు తెలుసు. విడిపించుకోలేదు.

"కూకో" అంది. "బతికున్నప్పుడు పిలవలేదు. ఇప్పుడు ఆళ్ళ ముచ్చట తీర్సక్కర్లేదు."

మావ తమ్ముడి కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. వట్టి డప్పులతోనే తీసుకుపోయారు. ఆడవాళ్ళం ఊరి చివర దాకా వెళ్ళి ఆగిపోయాం. పొద్దు వాలుతోంది. పాడె జీడితోటల దారిలోకి తిరిగేసరికి ఎదురుగా సాయంత్రం పాసింజరు దిగిన ఫ్యాక్టరీ పిల్లలు వస్తున్నారు. ఎక్కువమంది నాకు తెలియని ముఖాలు. పాడెను చూసి దారి దిగి, చెట్ల కిందికి జరిగి నిలబడ్డారు. దుమ్ముకి చున్నీలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. ఎవరు పోయారని ఒకమ్మాయి పక్కమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. డప్పులు దూరమయ్యాక మళ్ళీ దారెక్కి, సంచులు గుండెలకి హత్తుకుని, తలలు వంచుకుని, ఒకరి వెనక ఒకరు నోరెత్తకుండా గబగబా నడుచుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు.